అఫ్గాన్‌లో భూకంపం వచ్చిన రాత్రి మన చానళ్లలో ఏం నడిచింది?

విద్యానగర్ వాసి:

చాలా రోజులుగా అడుగుదామనుకుంటున్న ప్రశ్న ఇది. 2025 ఆగస్టు 31, ఆదివారం రాత్రి గుర్తుందా మీకు? అసెంబ్లీలో కాళేశ్వరం మీద ఘోష్ కమిషన్ రిపోర్టు చర్చ. అర్ధరాత్రి దాటినా అయిపోలేదు, చివరికి కేసు సీబీఐకి అప్పగిస్తున్నామని ముఖ్యమంత్రి ప్రకటించేసరికి తారీఖు మారిపోయింది. ఇంచుమించు అదే టైమ్‌లో, మన గడియారం ప్రకారం 12.47కి, అఫ్గానిస్తాన్‌లో కునార్ వైపు భూకంపం వచ్చింది. తీవ్రత 6 మాత్రమే. కానీ భూమికి మరీ లోతుగా కాకుండా పైపైనే వచ్చింది, ఇళ్లేమో కొండవాలు మీద రాయీ మట్టీ పేర్చి కట్టినవి, జనమేమో నిద్రలో ఉన్నారు. రెండు వేల రెండు వందల మందికి పైగా పోయారు. కొండచరియలు పడి రోడ్లు మూసుకుపోయి, కొన్ని ఊళ్లకు హెలికాప్టర్ తప్ప దారి లేకుండా పోయింది.

పొద్దున టీవీ పెడితే కాళేశ్వరం, మధ్యాహ్నం కాళేశ్వరం. సాయంత్రం కవిత గారు ప్రెస్‌మీట్ పెట్టి హరీశ్‌రావు, సంతోష్‌ల పేర్లు తీసేసరికి ఇక చెప్పక్కర్లేదు. మర్నాడు ఆమె సస్పెన్షన్, ఆ మర్నాడు రాజీనామా. మూడు రోజులు పండగే పండగ. నేను చూసినంతలో కునార్ కింద స్క్రోలింగ్‌లో పోయింది, ఒకటి రెండు సార్లు అరనిమిషం బొమ్మలు చూపించారు, అంతే.

దూరం కాబట్టి అనుకుందామా? మరి అంతకు నాలుగు రోజుల ముందే కామారెడ్డి, మెదక్ మునిగాయి. సిటీ నుంచి రెండు మూడు గంటల దారి. రైలు పట్టాలు గాల్లో వేలాడాయి. ఆదివారం వచ్చేసరికి అది కూడా వెనక్కి పోయింది.

తిట్టడానికి పెట్టిన పోస్టు కాదండీ ఇది, నిజంగా తెలుసుకోవాలనే. వీటిని ఎవరు నిర్ణయిస్తారు? చానల్లో కూర్చున్నవాళ్లకు ఆ వార్త అందదా, అందినా వద్దనుకుంటారా?


మాజీ డెస్క్:

కొన్నేళ్లు ఒక తెలుగు చానల్లో అవుట్‌పుట్ డెస్క్ మీద, అంటే ఏ వార్త ఎప్పుడు తెర మీదికి పోవాలో చూసే చోట చేశాను. ఏ చానలో అడగొద్దు. వార్త అందదా అంటే శుభ్రంగా అందుతుంది. భూకంపం వస్తే ఏజెన్సీ ఫ్లాష్ నిమిషాల్లో పడుతుంది, రాత్రి షిఫ్ట్‌లో ఉన్న పిల్లాడికి కూడా తెలుస్తుంది. తర్వాత జరిగేదే అసలు కథ.

బులెటిన్‌కి రన్‌డౌన్ అని ఒకటి ఉంటుంది, ఏది ముందు ఏది వెనక అని. అసెంబ్లీ నడుస్తుంటే రన్‌డౌన్ పక్కన పడేస్తారు, లైవ్ ఒక్కటే. ఎందుకంటే దానికి ఖర్చు లేదు. ఫీడ్ వస్తూనే ఉంటుంది, యాంకర్ మధ్యమధ్యలో రెండు మాటలు చెబితే చాలు. అదయ్యాక మీడియా పాయింట్, తర్వాత పార్టీ ఆఫీసుల్లో ప్రెస్‌మీట్లు. గాంధీభవన్, నాంపల్లి బీజేపీ ఆఫీసు, బంజారాహిల్స్‌లో తెలంగాణ భవన్, ట్రాఫిక్ లేకపోతే అన్నీ అరగంటలో తిరగొచ్చు. ఒక రిపోర్టర్, ఒక కెమెరామన్, భుజాన ఒక లైవ్ కిట్. సాయంత్రం డిబేట్‌కి నలుగురు నాయకులు సొంత కార్లలో సొంత పెట్రోలు పోసుకుని వస్తారు, మైకులు విసిరేసుకునేంత పని చేస్తారు, గంటన్నర ప్రోగ్రాం రెడీ. ఆ క్లిప్పులు మళ్లీ యూట్యూబ్‌లో రెండు రోజులు నడుస్తాయి.

అదే కునార్ మీద గంటన్నర నింపాలంటే ఏం చేస్తారు? విజువల్స్‌కి ఏజెన్సీకి డబ్బు కట్టాలి. ఇంగ్లిష్ కాపీని సరిగ్గా తెలుగు చేసే మనిషి కావాలి, ఆ ఊళ్ల పేర్లు పలకడం తెలియాలి, మ్యాప్ గీయించాలి. అఫ్గాన్ సంగతి తెలిసి తెలుగులో మాట్లాడగలిగేవాళ్లు ఎందరున్నారు? ఎప్పుడూ పిలిచే రిటైర్డ్ ప్రొఫెసర్ గారు ఆ రోజు ఫోన్ ఎత్తరు. అందుకని విదేశీ వార్త అంటే నలభై సెకన్ల వాయిస్ ఓవర్‌గా మిగిలిపోతుంది.

ఇక బొమ్మ దొరికితే కథే మారిపోతుంది. 2025 మార్చి 28న మయన్మార్‌లో 7.7 తీవ్రతతో వచ్చింది కదా. మాండలే, సగాయింగ్‌లలో వేలమంది చచ్చిపోయారు. అక్కడ సైనిక ప్రభుత్వం, యుద్ధం, నెట్ అంతంతమాత్రం, బయటి విలేకరులను రానివ్వలేదు. బ్యాంకాక్‌లో మాత్రం కడుతున్న పెద్ద బిల్డింగ్ ఒకటి కూలింది, ఆకాశమంత అపార్ట్‌మెంట్ల పైనుంచి స్విమ్మింగ్ పూల్ నీళ్లు కిందికి కారడం జనం ఫోన్లలో తీశారు. ఆ రోజు మన టీవీల్లో భూకంపం అంటే బ్యాంకాకే. చచ్చిపోయినవాళ్లు ఒక దేశంలో, బొమ్మలు ఇంకో దేశంవి. ఆ తర్వాతి వారంలోనే ఇక్కడ కంచ గచ్చిబౌలి 400 ఎకరాల గొడవ, ఢిల్లీలో వక్ఫ్ బిల్లు, ట్రంప్ సుంకాలు. మాండలే ఊసెత్తే తీరిక ఎవరికీ లేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఇది ఎవరూ బయటికి అనరు. కాళేశ్వరం వార్త ఐదు నిమిషాలు తగ్గిస్తే గంటలోపు ఫోన్ వస్తుంది, అటునుంచో ఇటునుంచో. ఏ చానల్ ఎవరిదో రిమోట్ పట్టుకున్న ప్రతివాడికీ తెలుసు కదా. కునార్ వార్త పూర్తిగా ఎగ్గొట్టినా ఎందుకు వేయలేదని అడిగే నాథుడు లేడు.


బోరబండ బుల్లోడు:

అన్నా, నాకు ఇందులో తప్పేం కనబడ్తలేదు. కాళేశ్వరం మీద పెట్టింది మన డబ్బు, లక్ష కోట్ల ముచ్చట. మన అసెంబ్లీల ఏం మాట్లాడుతున్నరో మన టీవీ చూపించకపోతే సీఎన్ఎన్ చూపిస్తదా? ఇక్కడి సర్కారును నిలదీసుడే ఇక్కడి మీడియా మొదటి పని. అఫ్గాన్‌ల పాపం జనం చచ్చిపోయిన్రు, అయ్యో అంటం. నేను ఇక్కడ కూసోని అయ్యో అంటే వాళ్లకేం ఒరుగుతది? చంద్రబాబును అరెస్టు చేసినప్పుడు కూడా ఇట్లనే లిబియా వరదలు చూపించలేదని ఒకాయన పెద్ద పోస్టు పెట్టిండు. మాజీ సీఎంను జైల్ల పెడితే లిబియా చూపిస్తరా ఎవరన్నా?


విద్యానగర్ వాసి:

తమ్ముడూ, లిబియా పేరు నువ్వే తెచ్చావు కాబట్టి అక్కడికే పోదాం, ఎందుకంటే నా ప్రశ్నకు అంతకంటే మంచి ఉదాహరణ లేదు.

2023 సెప్టెంబరు. 8వ తేదీ రాత్రి మొరాకోలో భూకంపం, దాదాపు మూడు వేలమంది పోయారు. 9 తెల్లవారుజామున నంద్యాలలో చంద్రబాబు అరెస్టు. 9, 10 తేదీల్లో ఢిల్లీలో జీ20. 10వ తేదీ విజయవాడ కోర్టు రిమాండ్, అక్కడినుంచి రాజమండ్రి జైలుకి కాన్వాయ్, ప్రతి మలుపూ లైవ్. అదే రాత్రి లిబియాలో డెర్నా అనే ఊరికి పైన ఉన్న రెండు డ్యాములు తెగిపోయాయి. ఊళ్లో కొంత భాగం అలాగే సముద్రంలోకి కొట్టుకుపోయింది. వేలమంది. సరే, అరెస్టు పెద్ద వార్తే, కాదనను. మొదటి వార్త అదే ఉండాలి.

కానీ ఆ డ్యాములు ఎందుకు తెగాయో చూడు. 1970లలో కట్టినవి. మరమ్మతులకు కాంట్రాక్టు ఇచ్చారు, పని పూర్తి కాలేదు, 2011లో ప్రభుత్వం కూలాక పట్టించుకున్నవాడు లేడు. అక్కడి యూనివర్సిటీ ఇంజినీరింగ్ పరిశోధకుడు ఒకాయన 2022లోనే, పెద్ద వరద వస్తే ఈ డ్యాములు ఆగవు, కింద ఊరికి ప్రమాదం అని పేపర్ రాశాడు. ఎవరూ వినలేదు. ఇది నీకు పరాయి దేశం వార్తలా అనిపిస్తోందా? డెర్నా తర్వాత ఆరు వారాలకే, అక్టోబరు 21న కాళేశ్వరంలోని మేడిగడ్డ బ్యారేజీలో పియర్లు (గేట్ల మధ్య స్తంభాలు) కుంగాయి. అంతకు రెండేళ్ల ముందు, 2021 నవంబరులో, చెయ్యేరు మీద అన్నమయ్య డ్యాం కొట్టుకుపోయి కింద ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. మనం ఉండే ఊరే 1908 మూసీ వరద తర్వాత కట్టిన గండిపేట, హిమాయత్‌సాగర్‌ల కింద ఉంది. గేట్లు ఎత్తారంటే ఇప్పటికీ చాదర్‌ఘాట్‌లో సామాన్లు సర్దుకుంటారు.

డెర్నా గురించి మన చానల్ ఒక్క గంట సరిగ్గా చెప్పి ఉంటే, మేడిగడ్డ కుంగినప్పుడు 'ఎవరి హయాంలో' అని అరుచుకోవడం కాకుండా 'డ్యాం తనిఖీ ఎవరు చేస్తారు, రిపోర్టు ఎక్కడుంది' అని అడగడం మనకు వచ్చి ఉండేది. నువ్వు చెప్పిన సర్కారును నిలదీయడం అంటే అదే కదా. కాళేశ్వరం చర్చ అంత సేపు చూశాను, పియర్ కింద ఇసుక ఎందుకు జారిందో అర్థమయ్యేలా చెప్పినవాడు ఒక్కడు నాకు కనబడలేదు. ఎవరు ఎవరిని ఏమన్నారో మాత్రం అక్షరం పొల్లుపోకుండా తెలిసింది.


బోరబండ బుల్లోడు:

డ్యాం ముచ్చట ఒప్పుకుంటా అన్నా. కానీ మేడిగడ్డ కుంగుడుకు కారణం డిజైనా, నీళ్లు నిలబెట్టుడా, ముందు అది తేల్చు. మూడు బ్యారేజీలల్ల ఒక్క బ్లాకు కుంగితే మొత్తం ప్రాజెక్టే పోయినట్టు ప్రచారం చేసిన్రు.


ఎల్బీనగర్ ఎక్స్‌ప్రెస్:

ఒక్క బ్లాకా?? జాతీయ డ్యాం భద్రతా సంస్థ (ఎన్‌డీఎస్ఏ) రిపోర్టు చదివావా భయ్యా? మిగతా రెండు బ్యారేజీలు అన్నారం, సుందిళ్లలో సీపేజీ, అదే కింద నుంచి నీళ్లు ఊరడం, మాటేమిటి?


చాయ్ బిస్కెట్:

అద్గదీ. అఫ్గాన్ భూకంపం పోస్టులో కూడా కాళేశ్వరమే గెలిచింది. చానళ్లను అని లాభం లేదు సార్.

అన్నట్టు 2013లో కేదార్‌నాథ్ వరదలప్పుడు మన తెలుగు నాయకుల ఘనత గుర్తుందా? డెహ్రాడూన్ ఎయిర్‌పోర్టులో యాత్రికులను మా విమానం ఎక్కించాలంటే మా విమానం ఎక్కించాలని కాంగ్రెస్‌వాళ్లూ తెలుగుదేశంవాళ్లూ కెమెరాల ముందే తోసుకున్నారు. మన దగ్గర విపత్తు కూడా పార్టీ కండువా కప్పుకుంటేనే పైకి వస్తుంది.


టోలీచౌకి:

అందరూ మన దేశం, పరాయి దేశం అని రెండు గీతలు గీస్తున్నారు. నాకు తెలిసి గీత అక్కడ లేదు. 2025 నవంబరులో మదీనా దారిలో ఉమ్రా బస్సు ట్యాంకర్‌ను గుద్దుకుని కాలిపోయింది. పోయిన నలభై ఐదు మంది దాకా ఉన్నవాళ్లలో ఎక్కువమంది మన సిటీ వాళ్లే. జరిగింది సౌదీలో, కానీ కెమెరాలన్నీ ఇక్కడి గల్లీల్లో ఉన్నాయి. మా పక్క వీధిలోకి కూడా వచ్చారు. ఏడుస్తున్న మనిషి నోటి దగ్గర మైకు పెట్టడం తప్ప, ఆ రోడ్డు మీద రాత్రిపూట బస్సులు ఎలా నడుపుతారు, ఏజెన్సీలు ఏ బస్సు మాట్లాడతాయి, ఇన్సూరెన్స్ ఎవరిస్తారు, ఇవేవీ నాకు టీవీలో దొరకలేదు. కవరేజీ దొరికినా ఇట్లా దొరుకుతుంది.

2024 జూన్ 12 చూడండి. పొద్దున్నే కువైట్ మంగఫ్‌లో కార్మికులుండే బిల్డింగ్ తగలబడి దాదాపు యాభై మంది చనిపోయారు, అందులో నలభై ఐదు మంది ఇండియా వాళ్లే. ఎక్కువ మంది కేరళ, ఆంధ్ర వాళ్లూ ఉన్నారు. అదే రోజు కేసరపల్లిలో చంద్రబాబు ప్రమాణ స్వీకారం, మోదీ, పవన్, సినిమా వాళ్లు. ఆ రోజు తెలుగు టీవీ ఎటు తిరిగి ఉందో నేను చెప్పక్కర్లేదు. మనవాళ్లు చచ్చిపోయినా సరే, రోజు మంచిది కాకపోతే అంతే. తర్వాత శవాలు విమానంలో వచ్చినప్పుడు మళ్లీ వార్త అయింది.

సూడాన్ ఇంకా దారుణం. 2023 ఏప్రిల్‌లో యుద్ధం మొదలవగానే అక్కడ చిక్కుకున్న కర్ణాటక హక్కిపిక్కి తెగ జనం గురించి సిద్ధరామయ్య ట్వీట్ పెట్టాడు, జైశంకర్ కోపంగా జవాబిచ్చాడు, కర్ణాటక ఎలక్షన్ల టైమ్ కదా, ఒక్కసారిగా సూడాన్ మన టీవీల్లోకి వచ్చేసింది. తర్వాత ఆపరేషన్ కావేరి, ఓడలు, విమానాలు, శంషాబాద్‌లో దిగిన పిల్లల ఇంటర్వ్యూలు. మనవాళ్లు వచ్చేశారు, సూడాన్ అయిపోయింది. అక్కడ యుద్ధం అయిపోలేదు. కోటి మందికి పైగా ఇళ్లు వదిలి పోయారు, 2024లో జంజం శిబిరంలో కరువు వచ్చిందని ప్రకటించారు, 2025 అక్టోబరులో ఎల్ ఫాషర్ పట్టణం సైన్యంతో పోరాడుతున్న ఆర్ఎస్ఎఫ్ అనే సాయుధ దళం చేతిలో పడ్డాక అక్కడ జరిగిన చావులకు లెక్క లేదు. మా మసీదులో ఇమామ్ సాబ్ దువాలో సూడాన్ పేరు ఎత్తితే పిల్లలు నన్ను అడిగారు, సూడాన్‌లో ఏమైంది అని. వాళ్లు రోజూ ఫోన్లోనే ఉంటారు, మరి.


లెక్కల పిచ్చి:

దీని మీద మంచి స్టడీ ఒకటి ఉంది, ఎకనామిక్స్ వాళ్లు చేసింది. ఐసెన్సీ, స్ట్రోమ్‌బర్గ్ అని ఇద్దరు, 2007లో వచ్చింది. 1968 నుంచి 2002 దాకా ప్రపంచంలో జరిగిన సుమారు 5,000 విపత్తులు తీసుకుని, అమెరికా టీవీ న్యూస్‌లో ఏవి వచ్చాయో, ఏవాటికి అమెరికా ప్రభుత్వం సాయం చేసిందో పోల్చి చూశారు. ఒలింపిక్స్ నడుస్తున్న రోజుల్లో వచ్చిన విపత్తుకు టీవీలో చోటు తగ్గింది, చోటు తగ్గితే సాయం దొరికే అవకాశమూ తగ్గింది. చచ్చిపోయినవాళ్ల సంఖ్య అంతే ఉన్నా సరే. తూర్పు ఐరోపాలో ఒకరు పోతే వచ్చే కవరేజీ ఆఫ్రికాలో రావాలంటే నలభై ఐదు మంది పోవాలి. అగ్నిపర్వతం పేలి ఒక్కరు పోవడం, ఆకలితో నలభై వేలమంది దాకా పోవడం కెమెరా దృష్టిలో ఒకటే. నిప్పు కక్కే కొండ బొమ్మకు పనికొస్తుంది, ఆకలి పనికిరాదు.

బోరబండ తమ్ముడు 'నేను అయ్యో అంటే ఏం ఒరుగుతుంది' అన్నాడు కదా. ఒక్కడు అంటే ఏమీ ఒరగదు. టీవీ చూసి పది లక్షల మంది అంటే ప్రభుత్వం డబ్బు తీస్తుంది, అదీ ఆ స్టడీలో తేలింది.


కూకట్‌పల్లిలో అవనిగడ్డ:

ఈ థ్రెడ్ చదువుతుంటే మా ఊరు గుర్తొచ్చింది. అందరూ మనం చూసే వైపు నుంచే మాట్లాడుతున్నారు. మనమే ఆ పరాయి దేశం అయిన రోజు ఒకటుంది.

1977 నవంబరు 19, దివిసీమ ఉప్పెన. ప్రభుత్వ లెక్కల్లోనే దాదాపు పది వేలమంది, మా వైపు ఎవరిని అడిగినా ఆ లెక్క నమ్మరు. మా తాతమ్మ చెప్పేది, శవాలను గుర్తుపట్టడానికి కూడా మనుషులు మిగల్లేదని. ఊళ్లకు ఊళ్లు, పశువులు, పంటలు, అన్నీ ఆ నీళ్లలోనే. ఇప్పుడు అదే తేదీ ప్రపంచ చరిత్ర పుస్తకాల్లో వెతికి చూడండి. ఈజిప్టు అధ్యక్షుడు సాదత్ ఇజ్రాయెల్‌లో దిగిన రోజు. ఒక అరబ్ దేశాధినేత అధికారికంగా ఇజ్రాయెల్ రావడం అదే మొట్టమొదటిసారి, ప్రపంచమంతా టీవీలో లైవ్ చూసింది. మర్నాడు ఆయన వాళ్ల పార్లమెంటులో ప్రసంగం. ఆ రెండు రోజుల్లో లండన్‌లోనో న్యూయార్క్‌లోనో డెస్క్ మీద కూర్చున్నవాడికి ఆంధ్రా తీరం ఉప్పెన ఎన్నో వార్త అయి ఉంటుంది? మాజీ డెస్క్ గారు చెప్పాలి. వాళ్లకు మనం కునార్‌లమే.

అప్పుడు ఫోన్లు లేవు, కరెంటు లేదు, దారులు తెగిపోయాయి, బయటికి సంగతి తెలిసేసరికే ఆలస్యం. ఆ తర్వాత ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి ఊరూరా చందాలు వసూలు చేశారు, మండలి వెంకటకృష్ణారావు గారు పదవి వదిలేసి దివిసీమలోనే ఉండిపోయారు, మదర్ థెరిసా వచ్చారు. సినిమా స్టార్లు కదిలాక జనం కదిలారు. టోలీచౌకి గారు చెప్పిన గీత అప్పుడూ ఉంది, తెలిసిన మొహం ఒకటి ముందు నిలబడితే తప్ప తెలియని మనిషి బాధ కళ్లకు ఆనదు. మంచిదో చెడ్డదో నాకు తెలియదు, మా ఊరికి మాత్రం దానివల్లే బియ్యం వచ్చాయి.


మాజీ డెస్క్:

అమ్మా, సాదత్ సంగతి నాకు తట్టలేదు ఎప్పుడూ. ఆ డెస్క్ మీద నేనే ఉన్నా సాదత్‌నే లీడ్ పెడతాను, అబద్ధం ఎందుకు. ఉప్పెనకి లోపలి పేజీలో నాలుగు పేరాలు ఇస్తాను, మూడో రోజు లెక్క పెరిగితే పైకి తెస్తాను. లెక్క మొదటి రోజే తెలియకపోవడం ఇలాంటి వార్తలకు శాపం. కునార్‌కీ అంతే, తెల్లారేసరికి వచ్చిన మొదటి లెక్క చాలా చిన్నది. అది చూసి డెస్క్ 'చిన్న భూకంపం' అని ఖాయం చేసుకుంటుంది. సాయంత్రానికి వందలు, మర్నాటికి వెయ్యి దాటిందని తెలిసినా, అప్పటికే అది పాత వార్త ఖాతాలో పడి ఉంటుంది. కవిత గారి వార్త మాత్రం గంట గంటకూ కొత్తదే.

మీరు చెప్పిన తెలిసిన మొహం కిటుకు మేమూ వాడాం. 2023 అక్టోబరు 7న అఫ్గాన్‌లోనే హెరాత్ దగ్గర వరుసగా భూకంపాలు వచ్చాయి. వెయ్యి మందికి పైగా పోయారు. అదే రోజు పొద్దున హమాస్ ఇజ్రాయెల్ మీద దాడి చేసింది, రెండు రోజులకు తెలంగాణ ఎలక్షన్ షెడ్యూలు వచ్చింది, పైగా క్రికెట్ వరల్డ్ కప్, మన ఉప్పల్‌లో కూడా మ్యాచ్‌లు. హెరాత్‌కి చోటు ఎక్కడ? అప్పుడు రషీద్ ఖాన్ తన వరల్డ్ కప్ మ్యాచ్ ఫీజులన్నీ బాధితులకు ఇస్తానని ప్రకటించాడు. రషీద్ అంటే ఐదు సీజన్లు సన్‌రైజర్స్‌కి ఆడిన మనిషి, ఈ సిటీలో ఆటో డ్రైవర్‌కి కూడా తెలుసు. స్పోర్ట్స్ బులెటిన్‌లో ఆ వార్త పెట్టి, దాని వెనకాలే హెరాత్ విజువల్స్ రెండు నిమిషాలు తోశాం. ఇంటర్నేషనల్ స్లాట్‌లో అయితే నలభై సెకన్లు దాటనిచ్చేవాళ్లు కాదు.


విద్యానగర్ వాసి:

అంటే దొడ్డిదారిన తేవాలన్నమాట. సరే సార్, చివరగా ఒక్కటి. ఇదంతా టీఆర్పీ కోసమే అంటారు కదా, నిజంగా జనం చూడరా విదేశీ వార్తలు?


మాజీ డెస్క్:

టీఆర్పీ కథ మీరనుకున్నంత సూటిగా లేదు. టీవీ రేటింగులు లెక్కగట్టే బార్క్ వాళ్లు మీటర్లు పెట్టేది దేశం మొత్తం మీద యాభై వేల పైచిలుకు ఇళ్లలో. ముంబైలో రేటింగుల కేసు బయటపడ్డాక 2020 అక్టోబరులో న్యూస్ చానళ్ల రేటింగులు ఆపేశారు, 2022 మార్చిలో మళ్లీ మొదలుపెట్టినప్పుడు నాలుగు వారాల సగటు ఇవ్వడం మొదలైంది. దాంతో ఫలానా రోజు ఫలానా వార్త వేస్తే ఏమైందో వాటిలో తెలియదు. తెలియకపోయినా మీటింగుల్లో 'విదేశీ వార్తకు రేటింగ్ పడిపోతుంది' అని గట్టిగా చెప్పేవాళ్లు ఉంటారు. ఎప్పుడూ సరిగ్గా వేసి చూడనిదానికి రేటింగ్ రాదని ఎలా తెలిసింది అని నేనొకసారి అడిగితే టీ తాగుదాం పదండి అన్నారు.

ఇప్పుడు గదిలో అందరూ చూసేది యూట్యూబ్ లైవ్‌లో కింద కనబడే అంకె. అసెంబ్లీ రోజున అది పైకి పోతుంది, నిజమే. కానీ 2023 ఫిబ్రవరిలో తుర్కియే భూకంపం అప్పుడు కూడా బాగానే పోయింది. అక్కడ మన ఎన్డీఆర్ఎఫ్ వాళ్లున్నారు, శిథిలాల కింద నుంచి పిల్లల్ని తీస్తున్న బొమ్మలు గంట గంటకూ వస్తున్నాయి, జనం కదలకుండా చూశారు. ఆ భూకంపంలో సిరియా వైపు కూడా వేలమంది పోయారని మాత్రం చాలామందికి తెలియదు, అటువైపు బొమ్మలు తక్కువ, మన టీం అటు పోలేదు.

పేపర్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. 1989లో జిల్లా టాబ్లాయిడ్లు వచ్చినప్పటినుంచి పేజీలన్నీ మండలాల దాకా దిగిపోయాయి. మంచి పనే, మా ఊరి బోరు మోటారు కాలిపోతే కూడా వార్త అయింది. విదేశాలకి మాత్రం ఒక పేజీ, యాడ్ వస్తే అరపేజీ. అయినా కునార్ గురించి టీవీ కంటే ఆ అరపేజీలోనే కాస్త ఎక్కువ వివరం ఉంటుంది, సబ్ ఎడిటర్ ఓపికున్నవాడైతే. బీబీసీ తెలుగు 2017 నుంచి ఉంది, వెబ్‌లో చదువుకోవచ్చు.

మీరు చానల్‌కి మెయిల్ పెడతామంటే పెట్టండి, చదవరు. యూట్యూబ్‌లో వాళ్లు ఎప్పుడైనా విదేశీ వార్త మీద పది నిమిషాల వీడియో పెడితే చివరిదాకా చూడండి. ఎంతసేపు చూశారన్న గ్రాఫ్ సోమవారం మీటింగ్‌లో తెర మీద పెడతారు, దాన్ని మాత్రం కాదనలేరు.


టోలీచౌకి:

సూడాన్ మీద అలాంటి వీడియో తెలుగులో ఏదైనా ఉంటే లింక్ పెట్టండి సార్. పిల్లలకు చూపిస్తాను.